కొలతకొచ్చిన మనిషి

…అక్కణ్ణించి కాదు తల్లీ, అది కొట్టెయ్. నేను చెప్తా, పెద్దింటి గేటు దగ్గర్నించి రాయడం మొదలుపెట్టు. ఆదివారం పొద్దున. గేటుకెదురుగా గోడ నీడలో అక్కాచెల్లెళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. నిలబడి గంటైంది. అక్క చంకలో పాతగుడ్డలో చుట్టిన చెప్పుల జత ఉంది.

పెద్దదానికి ఇరవైమూడు, చిన్నదానికి పద్దెనిమిది. ఇద్దరికీ చెప్పులు కుట్టే షాపులో పని. పెద్దది తోలు కోస్తుంది, చిన్నది పట్టీలు కుడుతుంది. చిన్నది నోటితో కూడా కుడుతుందని షాపులో అంతా నవ్వుతారు, అంత వాగుడుకాయ. వాళ్ళ నాన్న కూడా ఆ షాపులోనే తోలు కోసి కోసి, ఊపిరి జబ్బుతో పోయాడు. ఆ ఏడే వాళ్ళమ్మ పిల్లల్ని ఆడపడుచు ఇంట్లో దింపి, పెద్దింట్లో పనికి చేరింది. పన్నెండేళ్ళైంది. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గేటు దాటి ఇవతలికి రాలేదు. నెలనెలా జీతం మాత్రం పాలుపోసే ఆయన చేతికి చాటుగా ఇచ్చి పంపేది. మనిషి రాలేదు.

ఎందుకు రాలేదంటావా. అదే చెప్తున్నా.

పెద్దిళ్ళల్లో పనివాళ్ళు రెండు రకాలు. బయటి మనుషులని ఉంటారు, పొద్దున వచ్చి సాయంత్రం పోతారు. లోపలి మనుషులని ఉంటారు, అక్కడే తిని అక్కడే పడుకుంటారు. లోపలి మనిషి చేరిన రోజున గేటు దగ్గరే చెప్పులు విప్పి ఇచ్చెయ్యాలి. వాటిని ఒక బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అంతే. ఇంకేం అక్కర్లేదు. గొలుసులు ఖర్చు గానీ, చెప్పులు దాచడానికి ఏం ఖర్చు? వట్టి కాళ్ళతో ఆడమనిషి వీధిలోకొస్తే, ఏ ఇంటిదో పారిపోతోందని చూసినవాళ్ళే పట్టుకొచ్చి అప్పజెప్పేవాళ్ళు. ఆ బీరువా తాళంచెవి, ఇంకో నలభై తాళంచెవులు నడుముకి కట్టుకుని ఒకావిడ తిరిగేది. తాళాలమ్మ అనేవాళ్ళు. ఆవిడ కూడా ఒకప్పుడు చెప్పులిచ్చి లోపలికొచ్చినావిడే. ఆవిడ చెప్పులు ఆ బీరువాలోనే అడుగున ఎక్కడో ఉండుంటాయి.

ఈలోగా రోజులు మారాయి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళంతా సంఘం పెట్టారు. చేతిమైకు పట్టుకుని వీధి వీధీ తిరిగే ఒకావిడ ఉండేది, బూరావిడ అని పేరు పడింది. రెండేళ్ళు గొంతులు పోయేలా అరిచారు. నవ్వినవాళ్ళు నవ్వారు, రాళ్ళేసినవాళ్ళు రాళ్ళేశారు. చివరికి రూలొచ్చింది. లోపలి మనిషికి వారానికి ఒకరోజు సెలవు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా. పై నెల మొదటి ఆదివారం నుంచి అమలన్నారు. ఇదే ఆ ఆదివారం.

ఒక చేత్తో ఇచ్చారా, రెండో చేత్తో లాక్కున్నారు. రూలొచ్చిన పదిరోజులకే పెద్దింటివాళ్ళు మకాం మార్చేస్తున్నారని తెలిసింది. ఆ రూలింకా రాని చోటికి. బుధవారం లారీ వస్తుంది. బీరువాలు, మంచాలు, లోపలి మనుషులు, అన్నీ ఒకే లారీ. బూరావిడ షాపు దాకా వచ్చి మరీ అక్కాచెల్లెళ్ళకి చెప్పింది.

"సాయంత్రం ఆరింటికి మీ అమ్మ మళ్ళీ లోపల కాలు పెట్టిందా, ఇక మీకు కనపడదు. పెట్టకపోతే బయటి మనిషే. చెయ్యి పట్టి లాగే హక్కు ఎవరికీ లేదు. కానీ రానన్న మాట ఆవిడే అనాలమ్మా. మేం అంటే చెల్లదు."

పెద్దది సరేనంది. కానీ దాని గుండెలో ముల్లొకటుంది, అది తర్వాత చెప్తా.

తొమ్మిదింటికి గేటు తీసి, ఎవరి చెప్పులు వాళ్ళకి తిరిగిచ్చారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఎండలోకి కళ్ళు చికిలించుకుంటూ, కొత్తకోడళ్ళలా గోడవార నడుస్తూ. బీరువాలో ఏళ్ళతరబడి ఎండిన చెప్పులు కదా, నాలుగడుగులకే ఒకావిడ పట్టీ పుటుక్కుమంది. ఆవిడ ఆగి నవ్వింది. ఎందుకు నవ్విందో ఆవిడకే తెలియాలి.

"అక్కా, ఏదే?" అంది చిన్నది. దానికి మొహం గుర్తులేదు మరి.

పెద్దదానికి గుర్తుంది. కానీ గుర్తున్న మొహం ఆ గుంపులో లేదు. అందరికంటే వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకావిడ వట్టికాళ్ళతో వచ్చి వీళ్ళముందు ఆగింది.

"పెద్దదానివా?"

"ఆఁ."

"మరి నువ్వు..."

"నేనే," అంది చిన్నది. "నువ్వెళ్ళేటప్పుడు నాకు ముందుపళ్ళు లేవంట. వచ్చాయి, చూడు." పళ్ళన్నీ బయటపెట్టి చూపించింది. చూపిస్తూ ఏడ్చేసింది.

తల్లి దాని చెంప మీద చెయ్యి వెయ్యబోయి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు వేసింది.

పెద్దది మాత్రం గుడ్డ మూట విప్పి, వంగి చెప్పులు నేలమీద పెట్టింది. "వేసుకో. నీకే కుట్టాను."

ఈ చెప్పుల సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న బతికుండగా ఒక అట్టముక్క మీద ఇంట్లోవాళ్ళ పాదాలు గీశాడు. అమ్మ పాదం, దాని లోపల పెద్దదాని పాదం, దాని లోపల చిన్నదాని పాదం. మేనత్త పోయినప్పుడు పెద్దది ఆ ఇంట్లోంచి తెచ్చుకున్నది ఆ అట్టముక్క ఒక్కటే. ఆ గీత మీదే కోసింది, షాపులో మిగిలిన మంచి తోలు ముక్కలేరి. వారం పట్టింది.

తల్లి గట్టు మీద కూర్చుని కాలు దూర్చింది. పోలేదు. మడమ బయటికి, వేళ్ళు పక్కలకి. ఉంగటంలో, అదే బొటనవేలు దూర్చే తోలు రింగులో, వేలు దూరనే దూరదు.

"చెప్పులు కుట్టేదానివేనా నువ్వు?" అంది చిన్నది ముక్కు తుడుచుకుంటూ. "పన్నెండేళ్ళ కిందటి కొలత పెట్టి కోస్తావా? షాపుకొచ్చిన వాళ్ళకైతే పోయినేటి కొలత కూడా నమ్మవు కదే!"

"పెద్దవాళ్ళ కాళ్ళు ఎదగవు కదా," అంది పెద్దది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎదగలేదే," అంది తల్లి. "అరిగింది. చీపురు అరిగితే పరుచుకోదూ? అలాగే."

పన్నెండేళ్ళ తర్వాత ఆ ముగ్గురూ కలిసి నవ్విన మొదటి నవ్వు అది. గుప్పెడు నవ్వు. అంతలోనే అయిపోయింది.

వాళ్ళుండేది షాపు వెనక గదిలో. షాపు ఆయన ఇచ్చాడు. ఇద్దరికే ఇచ్చాడు. మూడో మనిషి కనపడితే ముగ్గుర్నీ బయటికంపుతానని ముందే చెప్పాడు. పైగా చెప్పుల అడుగట్టలు అచ్చుపోసే మిషనొకటి తెప్పిస్తున్నాడు. అదొస్తే కత్తి పట్టి తోలు కోసేవాళ్ళతో పనేముంది? పెద్దదాని పని ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ సంగతి చిన్నదానికింకా చెప్పలేదు.

దారిలో బూరావిడ ఊరేగింపు ఎదురైంది. వందమంది ఉంటారు. వట్టికాళ్ళవాళ్ళే సగం. "మా చెప్పులు మా కాళ్ళకే!" అని అరుస్తున్నారు. తల్లి ఆ అరుపులకి గోడకి అతుక్కుపోయి, వాళ్ళంతా వెళ్ళేదాకా తల దించుకుని నిలబడింది. ఎవరో పెద్దవాళ్ళకి దారిచ్చినట్టు.

గదిలోకొచ్చాక కూర్చోదు. ఉన్న ఒక్క స్టూలు చూపిస్తే దాన్ని తుడిచింది. గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది.

"కూర్చో అమ్మా!"

"కూర్చుంటాలే. ఈ ఒక్క గిన్నె."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. చేతిలో గిన్నె చేతిలోనే ఉంది. "వస్తున్నానండీ!" అని గుమ్మం దాకా వెళ్ళిపోయింది. గుమ్మంలో ఆగి, ఎక్కడున్నానా అన్నట్టు చూసింది. చిన్నది నవ్వబోయి అక్క మొహం చూసి మింగేసింది.

"మా పెద్దావిడకి మంచంలో గంట ఉంటుంది," అంది తల్లి. "ఏడేళ్ళయింది పడిపోయి. పాపం, నా చేత్తో పెడితే తప్ప ముద్ద మింగదు."

"మేం ఎవరి చేత్తో తిన్నామో అడిగావా?" అంది పెద్దది.

చెప్పేసింది. నోరు జారిన మాట కాదది, పన్నెండేళ్ళు నమిలిన మాట. తల్లి గిన్నె బోర్లించింది.

పెద్దది లేచి కొత్త అట్ట తెచ్చి నేలమీద వేసింది. చెవి వెనక పెన్సిలు తీసింది. "కాలు పెట్టు."

"వద్దు. నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటే?"

"రోజుకి ముప్పైమంది కాళ్ళు పట్టుకుంటా. నీవేమైనా ఎక్కువా?"

పెట్టింది. పెద్దది మడమ పట్టుకుంది. ఎండిన చెరువులా ఉంది ఆ మడమ. పగుళ్ళల్లో పెన్సిలు ముల్లు దిగబడి గీత సాగనివ్వడం లేదు. ఒక చేత్తో పాదం అదిమి, ఇంకో చేత్తో గీస్తూ, తలెత్తకుండానే అడిగింది. తలెత్తితే అడగలేదు.

"నాకు పదమూడేళ్ళప్పుడు గేటు దగ్గరికొచ్చాను. మా అమ్మ కావాలన్నాను. తాళాలావిడ వచ్చి, ఈ ఇంట్లో లోపలి మనుషులెవరికీ పిల్లల్లేరు, పో అంది. పొమ్మంటే వచ్చేశాను. చెల్లికి కూడా చెప్పలేదు. అది ఆవిడ మాటా, నీ మాటా?"

అదమ్మా ఆ ముల్లు.

"నా మాటే," అంది తల్లి. "పిల్లలున్నదాన్ని లోపల పెట్టుకోరు. పిల్లలున్నదాని మనసు గేటు బయటుంటుందంట. మీ నాన్న పోయి రెండు నెలలు. అత్త ఇంట్లో మీ ఇద్దరికీ ముద్ద దొరకాలంటే నేనెక్కడో సంపాదించాలి. ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నాను."

"నేనొచ్చిన రోజు..."

"విన్నాను. నీ గొంతు విన్నాను. తలుపుదాకా వచ్చాను. ఇవతలికి వస్తే పని పోతుంది. పని పోతే మళ్ళీ మీకే. నిలబడ్డాను. నువ్వు వెళ్ళిపోయేదాకా నిలబడ్డాను. అంతే. దానికి నువ్వు నన్నేమన్నా పడతా."

పెద్దది ఏమనేదో గానీ, అప్పుడే తలుపు చప్పుడైంది. షాపు ఆయన. కొత్త మిషను ఎక్కడ దింపించాలో చూసుకోవడానికి ఆదివారం పూట వచ్చాడు. వచ్చినవాడు గదిలోకి తొంగిచూశాడు.

"ఏంటి, ముగ్గురున్నారు? ఎవరీవిడ?"

పెద్దది అమ్మ పాదం చేత్తో పట్టుకునే ఉంది. పట్టుకునే చెప్పింది.

"కొలతకొచ్చిన మనిషండీ."

"ఆదివారం కొలతేంటి?"

"అర్జంటంటండీ."

"తొందరగా పంపించెయ్." వెళ్ళిపోయాడు.

చిన్నది అక్కకేసి చూస్తోంది, కళ్ళు ఇంతింత చేసుకుని. పెద్దదాని చేతిలో పెన్సిలు ఆగిపోయింది. పదేళ్ళుగా ఏ మాటని తిట్టుకుంటూ బతికిందో, ఆ మాటే తన నోట్లోంచి ఊడిపడింది. ఆలోచించలేదు కూడా. అడిగాడు, చెప్పేసింది.

తల్లి దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది. "మంచిపని చేశావు," అంది. "నోటికి ముందొచ్చేది అదేనే. నాకూ అదే వచ్చింది."

గీత పూర్తిచేయడానికి పెద్దదానికి కళ్ళు కనపడలేదు. మళ్ళీ మొదటినుంచి గీసింది.

మధ్యాహ్నమంతా కుట్టారు. పెద్దది వెడల్పుగా అడుగట్ట కోసింది. అంత వెడల్పు ఆడమనిషి చెప్పు అది ఎప్పుడూ కోయలేదు. వీధిలో ఇలాంటి పాదాలు కనపడవు, ఇవన్నీ గేట్ల లోపల ఉన్నాయి. చిన్నది పట్టీలు కుట్టింది. తల్లి పక్కన కూర్చుని దారానికి మైనం రాసిచ్చింది. కూర్చుందమ్మా, చేతికి పని దొరికింది కదా, అప్పుడు కూర్చుంది.

"ఉండిపో అమ్మా," అంది చిన్నది ఉన్నట్టుండి. "మేం సంపాదిస్తున్నాంగా. నేను కొంచెమే తింటా. మాటలే ఎక్కువ."

తల్లి పెద్దదాని వంక చూసింది. చిన్నదీ పెద్దదాని వంకే చూసింది.

పెద్దది ఆరె సూదితో తోలుకి బెజ్జాలు పొడుస్తోంది. ఉండమంటే చాలు. ఒక్క మాట. కానీ ఉండమని ఎక్కడ ఉంచుతుంది? గది ఇద్దరిది. వాకిట్లో మిషను దిగబోతోంది. ఉండమని, నెల తిరక్కుండా ముగ్గురూ వీధిలో పడితే? ఉండమనకుండా ఉంటే బుధవారం లారీ. అలా చూస్తే నుయ్యి, ఇలా చూస్తే గొయ్యి. పొడిచిన చోటే మళ్ళీ పొడిచింది.

తల్లికి అర్థమైంది. కన్నది కదా. "దాని మాటలకేం గానీ, నువ్వు కంగారు పడకు," అంది. "ఆరింటికి పెద్దావిడకి జావ పట్టాలి. లేకపోతే రాత్రంతా పస్తుంటుంది."

కూతురికి గిల్టీగా ఉండకూడదని పెద్దావిణ్ణి అడ్డం పెట్టింది. గిల్టీ అనే మాట నువ్వే నేర్పావులే, అలాగే రాయి.

ఐదున్నరకి బయల్దేరారు. కొత్త చెప్పులు కిర్రు కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడుకి తల్లి సిగ్గుపడుతోంది, ఎవరో తన పేరు పెట్టి వీధిలో పిలుస్తున్నట్టు. అయినా కాలు సరిగ్గా కూర్చుంది. వేళ్ళన్నిటికీ చోటుంది. గోడవార నడుస్తున్నదల్లా సగం దారికొచ్చేసరికి రోడ్డు మధ్యకొచ్చింది. ఆ సంగతి ఆవిడ చూసుకోలేదు. పెద్దది చూసింది.

గేటు దగ్గర ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. తాళాలమ్మ ఒక బుట్ట పెట్టుకుని నిలబడింది. ఒక్కొక్కరే వంగి, చెప్పులు విప్పి బుట్టలో వేసి, లోపలికి పోతున్నారు. పొద్దున పట్టీ తెగినావిడ ఒక చెప్పే వేసింది. వీధికవతల బూరావిడ ఉంది, మైకు కింద పెట్టుకుని. అరవడం లేదు. చూస్తోంది.

వీళ్ళ వంతొచ్చింది.

"ఎవరు వీళ్ళు?" అంది తాళాలమ్మ.

"చెప్పులు కుట్టేవాళ్ళమ్మా," అంది తల్లి. "కొలత కోసం..."

"మా అమ్మండీ," అంది పెద్దది.

గొంతు దానిది కాదనిపించింది. ఇంకోసారి చెప్పింది, ఈసారి దాని గొంతే. "ఈవిడ మా అమ్మ. నేను పెద్ద కూతుర్ని, ఇది చిన్నది. నేను ముందొకసారి వచ్చాను. ఇక్కడే నిలబడ్డాను. మీరే పొమ్మన్నారు."

తాళాలమ్మ దాన్ని కిందనుంచి పైదాకా చూసింది. గుర్తుపట్టిందో లేదో మొహంలో కనపడనివ్వలేదు. నలభై తాళంచెవులు మోసే మనిషికి మొహానికి ఇంకో తాళం వేసుకోవడం పెద్ద పనా? తల్లితో గొంతు తగ్గించి అంది.

"పిల్లల్లేరని చెప్పావు. ఉన్నారని పైకి తెలిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. నేనేమీ వినలేదు. చెప్పులిచ్చి లోపలికి పద. అదిగో, పెద్దావిడ లేచింది."

లోపల గంట మోగింది. చిన్న గంట. మంచంలో ఉన్న మనిషి కొట్టే గంట కాబట్టి ఓపిక లేని చప్పుడు.

తల్లి వంగింది. చెయ్యి చెప్పు దాకా వెళ్ళింది. చిన్నది "అమ్మా" అంది. పెద్దది కళ్ళు మూసుకోలేదు. పదమూడేళ్ళప్పుడు తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది, ఈసారి చూడాలనుకుంది. ఆ చెయ్యి పట్టీ విప్పలేదు. వదులైన పట్టీని లాగి బిగించింది. తల్లి నడుము నిలబెట్టింది.

"ఇవి ఇవ్వనమ్మా," అంది.

"ఏంటి?"

"ఇవి నా కొలతకి కుట్టినవి."

తాళాలమ్మ చాచిన చెయ్యి అలాగే ఉంది. గంట మళ్ళీ మోగింది. ఆ మోతకి తల్లి మడమ దానంతటదే లేచింది. ఏడేళ్ళ అలవాటు, దాని తప్పేముంది. మడమ లేచింది గానీ, బొటనవేలు ఉంగటాన్ని గట్టిగా కరిచి పట్టుకుంది. కాలు ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. గేటు తెరిచే ఉంది. వెనక గది ఇద్దరిదే. పెద్దది అమ్మ మోచెయ్యి పట్టుకుంది. లాగలేదు. పట్టుకునే ఉంది. గంట మూడోసారి మోగింది.

అక్కడ ఆపెయ్ తల్లీ. తర్వాతేమైందని నన్నడక్కు. కాగితం మడతపెట్టి దాచకు, మీ పెద్దమ్మకి, అదే నా పెద్దకూతురికి, ఫోను చేసి ఇది చదివి వినిపించు. ఆమె లోపలి మనిషిగా ఉన్న ఇంట్లో ఏ పూట తీరిక దొరుకుతుందో నాకు తెలీదు, దొరికినప్పుడే చదువు. మధ్యలో ఆమెనెవరైనా పిలిస్తే ఆపు. మళ్ళీ వచ్చాక మొదటినుంచి చదువు. చివర్న, నాన్న నీ కాలి కొలత అడుగుతున్నాడని చెప్పు. పాతది నా దగ్గరుంది, అది పనికిరాదని చెప్పు.